సిమ్ము కొనేది పట్నంలో, సిగ్నలు కావాల్సింది చేనులో

పాసు పుస్తకం పనిమీదో, మోటారు సామాను కోసమో, ఆస్పత్రికో హైదరాబాదు వెళ్ళే రైతులు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి కోఠి, సుల్తాన్ బజార్ మీదుగా పనులు చక్కబెట్టుకుని వస్తుంటారు. ఆబిడ్స్ దాకా పోతే జగదీశ్ మార్కెట్లో అన్నీ సెల్లు దుకాణాలే. దారిలో ఎక్కడో ఒకచోట గొడుగు, దాని కింద చిన్న బల్ల, బల్లమీద సిమ్ములు కనబడతాయి. 'సిమ్ము ఫ్రీ, ఆధార్ ఉంటే చాలు' అనగానే కాళ్ళు ఆగుతాయి. అక్కడే ఫోనులో వేసి చూపిస్తారు. సిగ్నలు గీతలు నిండుగా ఉంటాయి. తీరా ఊరికొచ్చి బోరు దగ్గరికి పోతే ఒక్క గీతా ఉండదు.

విత్తనం కొనేటప్పుడు మనం ఇట్లా చేయం. మన నేలకు పడుతుందా, మన నీటికి ఆగుతుందా అని నలుగురిని అడుగుతాం. సిమ్ము విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. తక్కువ ధర అని బోర్డు మీద రాసినంత మాత్రాన అది చవక కాదు. చేనులో సిగ్నలు ఉండాలి, రోజుకు పడే ఖర్చు తక్కువుండాలి, అన్నిటికంటే ముఖ్యంగా మీ పాత నెంబరు పోకుండా నిలవాలి. ఈ మూడూ కుదిరిందే చవక సిమ్ము.

కంపెనీలు వస్తాయి, పోతాయి

మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాలు 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. ఫోను వచ్చినా డబ్బే, చేసినా డబ్బే. అందుకే సామాన్యులు ఎస్టీడీ బూతుల ముందే వరసలో నిలబడేవారు. 2003 మే నుంచి వచ్చే కాల్సుకు డబ్బు తీసుకోవడం ఆగింది. అప్పటి నుంచే సెల్లు పల్లెలకు పాకింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదట వచ్చినవి టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. ఆ పేర్లు ఇప్పుడు లేవు. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరలో సెల్లు కాల్సు ఆపేసింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. టెలినార్ 2018లో, టాటా డొకొమో 2019లో ఎయిర్‌టెల్‌లో కలిశాయి. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో ఒకటయ్యాయి, ఆ తర్వాత వీఐ అన్న పేరు పెట్టుకున్నాయి. ఇప్పుడు మన ఊళ్ళలో రైతు ఎంచుకోవాల్సింది జియో, ఎయిర్‌టెల్, వీఐ, ప్రభుత్వరంగ బీఎస్‌ఎన్‌ఎల్, ఈ నాలుగింటిలోనే.

దీన్ని బట్టి తెలిసేదేమంటే, కంపెనీ పేరు మీద మోజు పనికిరాదు. కంపెనీ మారినా మన నెంబరు మనతోనే ఉండేలా చూసుకోవాలి.

ముందు చేనులో సిగ్నలు చూడండి

సిగ్నలు టవరు దూరాన్ని బట్టి, మధ్యలో ఉన్న గుట్టలు, చెట్లను బట్టి మారుతుంది. ఊళ్ళో బాగా అందే కంపెనీయే గుట్ట చాటున ఉన్న చేనులో అందకపోవచ్చు. కాబట్టి కొనేముందు ఈ పరీక్ష చేయండి.

నాలుగు కంపెనీల సిమ్ములూ మీ ఊళ్ళో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. పక్క చేను వాళ్ళను, పాల కేంద్రం దగ్గర కలిసే వాళ్ళను అడగండి. ఒక రోజు వాళ్ళ ఫోను మీ బోరు దగ్గర పెట్టి కాలు చేసి చూడండి. గీతలు చూసి నమ్మొద్దు, మాట స్పష్టంగా వినబడుతోందా లేదా అన్నదే లెక్క. ఇంటి లోపల, చేను గట్టున, పశువుల కొట్టం దగ్గర వేర్వేరుగా చూడాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది గంటలప్పుడు ఒకసారి చేయాలి. రాత్రిపూట అందరూ వాడటం వల్ల నెట్టు నెమ్మదిస్తుంది. కరెంటు పోయినప్పుడు కూడా చూడండి. కొన్ని టవర్లు కరెంటు పోయిన కాసేపటికే మూగబోతాయి. పాము కుట్టినా, మోటారు దగ్గర షాకు కొట్టినా ఫోను కలవాల్సింది అప్పుడే.

కంపెనీలు తమ సిగ్నలు ఎక్కడెక్కడ ఉందో పటాలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం చేసింది. 2025 ఏప్రిల్ నుంచి అవి అందుబాటులో ఉన్నాయి. చదువుకున్న పిల్లలను అడిగి మీ ఊరి పటం చూడొచ్చు. అయితే పటం కంటే చేనులో చేసిన కాలే నమ్మకం.

మీ చేతిలో ఉన్న ఫోను ఏది?

సిమ్ము ఎంపికకు ఫోను రకం కూడా ముఖ్యమే. జియోకు 2జీ లేదు. మాటలు సైతం 4జీ మీదే నడుస్తాయి. మీది పాత బటన్ల 2జీ ఫోను అయితే దానిలో జియో సిమ్ము పనిచేయదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్‌లకు 2జీ ఉంది. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రధానమంత్రి ప్రారంభించారు. మీ ఊరి టవరుకు 4జీ వచ్చిందో లేదో మాత్రం అక్కడే చూసి తెలుసుకోవాలి.

2023 జులైలో జియో సంస్థ 999 రూపాయలకు జియో భారత్ అనే బటన్ల 4జీ ఫోను తెచ్చింది. దానికి 28 రోజులకు 123 రూపాయల ప్యాకు పెట్టారు. ఖర్చు తక్కువే. కానీ ఆ ఫోను జియో సిమ్ముతో మాత్రమే నడుస్తుంది. రేపు మీ చేనులో జియో సిగ్నలు తగ్గి కంపెనీ మారాలనుకుంటే ఫోను కూడా మార్చాల్సిందే. కొనేముందు ఈ మెలిక గుర్తుంచుకోవాలి.

ధర కాదు, రోజుకు ఎంతో లెక్కేయండి

ఎరువు బస్తా ధర చూసి సరిపెట్టుకోం, అందులో నత్రజని ఎంతుందో చూస్తాం. రీచార్జి కూడా అంతే. ప్యాకు ధరను రోజులతో భాగించండి. 28 రోజుల ప్యాకును నెల ప్యాకు అనుకుంటే పొరపాటు. ఏడాదికి అది 12 సార్లు సరిపోదు, 13 సార్లు వేయించాలి.

2024 జులైలో కంపెనీలు ధరలు పెంచాయి. అప్పుడు 28 రోజుల చిన్న ప్యాకు ఎయిర్‌టెల్‌లో 199 రూపాయలు, జియోలో 189 రూపాయలు అయింది. అందులో కాల్సుతోపాటు కొద్దిగా నెట్టు కూడా ఉండేది. నెట్టు అక్కర్లేని వాళ్ళు కూడా దానికి డబ్బు కట్టాల్సి వచ్చేది. దీనిమీద ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన మార్చింది. కాల్సు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకు ప్రతి కంపెనీ ఇవ్వాలని, ప్రత్యేక ప్యాకుల గడువు 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోవచ్చని చెప్పింది. 2025 జనవరిలో ఆ ప్యాకులు వచ్చాయి. అప్పటి ధరలతో రోజు లెక్క ఇట్లా ఉంది.

ఎయిర్‌టెల్ 28 రోజులు, 199 రూపాయలు: రోజుకు సుమారు 7 రూపాయల 11 పైసలు.
ఎయిర్‌టెల్ నెట్టు లేని ప్యాకు, 84 రోజులు, 469 రూపాయలు: రోజుకు 5 రూపాయల 58 పైసలు.
ఎయిర్‌టెల్ నెట్టు లేని ప్యాకు, 365 రోజులు, 1,849 రూపాయలు: రోజుకు 5 రూపాయల 7 పైసలు.
జియో 28 రోజులు, 189 రూపాయలు: రోజుకు 6 రూపాయల 75 పైసలు.
జియో నెట్టు లేని ప్యాకు, 84 రోజులు, 448 రూపాయలు: రోజుకు 5 రూపాయల 33 పైసలు.
జియో నెట్టు లేని ప్యాకు, 336 రోజులు, 1,748 రూపాయలు: రోజుకు 5 రూపాయల 20 పైసలు.

వీఐ కూడా ఇదే దారిలో నెట్టు లేని ప్యాకులు తెచ్చింది. ధరలు మారుతుంటాయి కాబట్టి రీచార్జి చేయించే రోజున దుకాణంలో 'నెట్టు లేని వాయిస్ ప్యాకు ఉందా, ఎన్ని రోజులు?' అని మీరే అడగండి. అడిగితేనే చెప్పే దుకాణాలు చాలా ఉంటాయి. బీఎస్‌ఎన్‌ఎల్ ప్యాకులకూ ఇదే భాగహారం చేసి, సిగ్నలు ఉంటే పోల్చుకోండి.

పై లెక్కలో 199 రూపాయలు 13 సార్లు కడితే ఏడాదికి 2,587 రూపాయలు. అదే 1,849 రూపాయల ప్యాకు అయితే 738 రూపాయలు మిగులుతాయి. ఇంట్లో మూడు ఫోనులుంటే మూడింటికీ నెట్టు అవసరం ఉండదు. ఒకదానికి నెట్టు ప్యాకు వేయించి, తక్కిన రెండింటికీ నెట్టు లేనిది వేయిస్తే ఏడాదికి 1,476 రూపాయలు ఆదా. ఓటీపీలు మామూలు ఎస్సెమ్మెస్‌లుగానే వస్తాయి, వాటికి నెట్టు అక్కర్లేదు. ఎప్పుడైనా యాప్ చూడాల్సి వస్తే పిల్లల ఫోను నుంచి హాట్‌స్పాట్ పెట్టించుకోవచ్చు.

ఏడాది డబ్బు ఒక్కసారి కట్టడం చిన్న రైతుకు కష్టమే. అందుకని ధాన్యమో పత్తో అమ్మిన డబ్బు చేతికొచ్చిన వారంలోనే పెద్ద ప్యాకు వేయించుకోవడం మేలు. అది కుదరకపోతే 84 రోజులది. జులై, ఆగస్టుల్లో ఎరువులు, కలుపు కూలీలతో చేతిలో పైసా ఆడదు. గడువు ఆ నెలల్లో తీరకుండా చూసుకోవాలి.

ఇంకో మాట. 2022 జనవరిలో ట్రాయ్ చేసిన నిబంధన ప్రకారం ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాకు ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీన వేయించుకునే ప్యాకు ఒకటి ఉంచాలి. నెల నెలా వేయించుకునే వాళ్ళు వాటిని కూడా రోజు లెక్కతో పోల్చి చూడాలి.

నెంబరు పోతే పోయేది ఫోనొక్కటే కాదు

ఇప్పుడు అసలు విషయం. మీ పది అంకెల నెంబరు ఆధార్‌కు కట్టి ఉంది. బ్యాంకు ఖాతాకు కట్టి ఉంది. పీఎం కిసాన్ కింద ఏడాదికి మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయల సమాచారం దానికే వస్తుంది. 2025 సీజనులో పత్తి అమ్మడానికి భారత పత్తి సంస్థ కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు, స్లాటు పద్ధతి పెట్టింది. పొడుగు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర అందాలన్నా ముందు ఓటీపీ వచ్చే నెంబరు ఉండాలి.

రెండు మూడు నెలలు రీచార్జి చేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? గడువు తీరగానే మీరు చేసే కాల్సు ఆగుతాయి. కొన్నాళ్ళకు వచ్చే కాల్సు, ఎస్సెమ్మెస్‌లు కూడా ఆగిపోతాయి. ఎన్నాళ్ళకన్నది కంపెనీని బట్టి ఉంటుంది. 90 రోజులపాటు ఏ వాడకమూ లేకపోతే సిమ్ము రద్దు చేసే అధికారం కంపెనీకి ఉంది. 2013 మార్చి నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ నిబంధన ప్రకారం, ఖాతాలో 20 రూపాయలో అంతకు మించో బాలెన్సు ఉంటే వెంటనే రద్దు చేయకూడదు. 20 రూపాయలు కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. కాబట్టి టాకుటైము బాలెన్సు 20 రూపాయలకు తగ్గకుండా ఉంచండి. అయితే ఇది నెంబరు రద్దు కాకుండా కాపాడేందుకే. కాల్సు, ఓటీపీలు రావాలంటే గడువున్న ప్యాకు ఉండాల్సిందే.

రద్దయిన నెంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత అది వేరొకరికి వెళ్ళవచ్చు. అప్పుడు మీ బ్యాంకు ఖాతా ఓటీపీలు ఎవరో తెలియని మనిషి ఫోనుకు పోతాయి. దాన్ని సరిచేసుకోవడానికి ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేసి కొత్త నెంబరు ఎక్కించాలి. దానికి 2025 అక్టోబరు నుంచి 75 రూపాయలు రుసుము. ఆపైన బ్యాంకుకు, మీసేవకు, వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికి వేరువేరుగా తిరగాలి. రెండు మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు కలుపుకుంటే గొడుగు కింద 'ఫ్రీ'గా వచ్చిన కొత్త సిమ్ము ఎంత ఖరీదు పడిందో తెలుస్తుంది. పాత నెంబరును వదిలేసి ఆఫరుకో సిమ్ము మార్చే అలవాటు మానుకోవాలి.

కంపెనీ మార్చండి, నెంబరు మార్చొద్దు

సిగ్నలు బాగాలేకపోతే నెంబరు అదే ఉంచుకుని కంపెనీ మారవచ్చు. దీన్ని పోర్టింగు అంటారు. ఈ సౌకర్యం 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతా వచ్చింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఇప్పటికీ ఒకే టెలికాం సర్కిలు కిందే ఉన్నాయి.

పద్ధతి ఇదీ. మీ ఫోను నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో 'పోర్ట్' అని కొట్టి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నెంబరు రాసి 1900కు ఎస్సెమ్మెస్ పంపాలి. ప్యాకు అయిపోయి ఉన్నా ఈ ఎస్సెమ్మెస్ పోవాలని 2021 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. తిరుగు ఎస్సెమ్మెస్‌లో ఎనిమిది అక్షరాల కోడు వస్తుంది. మనవైపు దానికి నాలుగు రోజులే గడువు. ఆ కోడు, ఆధార్ పట్టుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్ళాలి. మూడు పనిదినాల్లో మారుతుంది. రుసుము పది రూపాయలకు మించదు.

కొన్ని జాగ్రత్తలున్నాయి. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి. పోయిన సిమ్ముకు బదులు కొత్త సిమ్ము తీసుకుని ఏడు రోజులు కాకపోతే కోడు రాదు. ఈ నిబంధన 2024 జులై 1 నుంచి ఉంది. పాత సిమ్ములో మిగిలిన బాలెన్సు, రోజులు కొత్తదానికి రావు. అందుకని ప్యాకు గడువు తీరబోయే వారంలో పోర్టింగు పెట్టుకోవాలి. మారే రోజు కొన్ని గంటలు ఫోను పలకదు. మార్కెట్టుకు సరుకు తోలే రోజు, స్లాటు ఉన్న రోజు పెట్టుకోవద్దు. ఆ ఎనిమిది అక్షరాల కోడు ఫోనులో అడిగిన వాళ్ళెవరికీ చెప్పొద్దు.

బోరు స్టార్టరుకు వేసే సిమ్ము

ఇంట్లో కూర్చుని మోటారు ఆన్ చేసే మొబైల్ స్టార్టర్లు ఇప్పుడు చిన్న రైతులూ పెట్టుకుంటున్నారు. వీటిలో కూడా సిమ్ము ఉంటుంది. 2జీ మీద నడిచే పెట్టెలో జియో సిమ్ము పనిచేయదని పైన చెప్పిన కారణం వల్లే. పెట్టె 2జీదా, 4జీదా అని అమ్మేవాళ్ళను ముందే అడగాలి. ఈ సిమ్ముకు నెట్టు అక్కర్లేని పెట్టెలే ఎక్కువ. కాలు అందితే చాలు. ఎక్కువ రోజుల గడువున్న నెట్టు లేని ప్యాకు సరిపోతుంది. గడువు తేదీని స్టార్టరు డబ్బా మూతమీదే రాసిపెట్టండి. పొట్టదశలో వరికి తడి పెట్టాల్సిన రాత్రి సిమ్ము గడువు తీరితే మోటారు పలకదు.

వేలిముద్ర ఒక్కసారే

సుల్తాన్ బజార్లో అయినా, మీ మండలంలో అయినా సిమ్ము తీసుకునేటప్పుడు వేలిముద్ర విషయంలో జాగ్రత్త. 'పడలేదు, మళ్ళీ పెట్టండి' అని రెండు మూడుసార్లు వేయించుకుని, మీ పేరు మీద ఇంకో సిమ్ము తీసి మోసగాళ్ళకు అమ్మే ఉదంతాలు దేశంలో చాలాచోట్ల పోలీసు కేసులయ్యాయి. రెండోసారి అడిగితే మొదటిది ఎందుకు పడలేదో తెరమీద చూపించమనండి. 2023 డిసెంబరు 1 నుంచి సిమ్ములమ్మే వాళ్ళందరూ నమోదు చేయించుకోవాలన్న నిబంధన వచ్చింది. స్థిరమైన దుకాణంలో తీసుకుంటే రేపు అడగడానికి మనిషి ఉంటాడు.

మీ ఆధార్ మీద ఎన్ని సిమ్ములున్నాయో సంచార్ సాథీ పోర్టల్లో చూడొచ్చు. ఈ సౌకర్యాన్ని 2021 ఏప్రిల్‌లో మొదట పెట్టింది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. మీది కాని నెంబరు కనబడితే అక్కడే ఫిర్యాదు చేయాలి. ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్ములకు మించకూడదు. మించితే 2023 టెలికాం చట్టం కింద మొదటిసారి 50,000 రూపాయల దాకా, ఆ తర్వాత 2 లక్షల దాకా జరిమానా ఉంది. వాడని సిమ్ములుంటే దుకాణంలో చెప్పి మూయించేయండి.

అడగకుండా డబ్బు కోసినా, సిగ్నలు పోయినా 198కి ఫోను చేసి ఫిర్యాదు నెంబరు రాసుకోవాలి. పని కాకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి 30 రోజుల్లో రాయవచ్చు. ఫోను మీద డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి.

ఈసారి పట్నం వెళ్ళేముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. చేనులో ఏ కంపెనీ మాట స్పష్టంగా వినబడింది, ఆ కంపెనీలో నెట్టు లేని ప్యాకు రోజుకు ఎంత పడుతుంది, మీ ఇప్పటి సిమ్ము గడువు ఏ తేదీకి తీరుతుంది. ఆ కాగితం జేబులో ఉంటే గొడుగు కింద ఎవరు పిలిచినా ఏం అడగాలో, ఎక్కడ ఆగకూడదో మీకే తెలుస్తుంది.